ఎయిర్‌బ్రష్‌కి మొదటి రంగు ఏది కొనాలి? కాజీపేట తమ్ముడికి నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ చదువుతూ దాచుకున్న డబ్బుతో 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికి వచ్చే మూతి) ఉన్న డ్యుయల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్, అంటే ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే చిన్న స్ప్రే గన్ను, దానికి గాలి అందించే ఒక చిన్న కంప్రెసర్ కొన్నావు. ఇంట్లో ఉన్న ఫెవిక్రిల్‌లో నీళ్లు కలిపి కొడితే తుంపరలుగా పడి, పది నిమిషాల్లో నాజిల్ మూసుకుపోయింది. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులకు వాడే థిన్నర్ కలపమన్నారు. టీషర్టులు, హెల్మెట్, వచ్చే వినాయక చవితికి బొమ్మలు చేయాలని ఉంది, అన్నిటికీ పనికొచ్చే రంగు ఒకటి చెప్పన్నా అని అడిగావు.

ముందు థిన్నర్ సంగతి. కలపకు. ఫెవిక్రిల్ నీళ్లతో తయారైన అక్రిలిక్. అందులో ఎన్‌సీ థిన్నర్ పోస్తే నిమ్మరసం పిండిన పాలలాగా విరిగి ముద్ద కడుతుంది. ఆ ముద్ద నాజిల్‌లో చేరితే తీయడం చాలా కష్టం. ఆ షాపాయన నిన్ను తప్పుదారి పట్టించాలని చెప్పి ఉండడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది బండ్లకు రంగులేసేవాళ్లు, వాళ్ల రంగుకి ఆ థిన్నరే సరైంది. నీ చేతిలో ఉన్న రంగు వేరు.

అన్నిటికీ పనికొచ్చే రంగు లేదు. నేర్చుకోవడానికి సరైన రంగు మాత్రం ఉంది. ఎయిర్‌బ్రష్ కోసమే తయారుచేసిన, నీళ్లతో కడిగే అక్రిలిక్. కనీసం ఆరు నెలలు దాన్నే వాడు, అది కూడా రెండు మూడు రంగులే. ఇరవై ఏళ్లుగా హన్మకొండలో ఈ పని చేస్తున్నాను. మొదట దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తగ్గాక ఎయిర్‌బ్రష్ పట్టుకున్నాను. అప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేక రెండు గన్నులు పాడుచేసుకున్నాను. నీకు ఆ నష్టం రావద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫెవిక్రిల్ ఎందుకు మూసుకుపోయిందో తెలిస్తే ఏ రంగు కొనాలన్నది నీకే అర్థమవుతుంది. ఏ రంగులోనైనా మూడు ఉంటాయి. రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, రెండింటినీ మోసే ద్రవం. కుంచెతో వేసే రంగులో పొడి కాస్త ముతకగా ఉన్నా ఇబ్బంది లేదు, కుంచె వెంట్రుకలు దాన్ని లాక్కుపోతాయి. జిగురు చిక్కగా ఉంటే ఇంకా మంచిది, గీత నిలబడుతుంది. ఎయిర్‌బ్రష్‌లో అదే రంగు 0.3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి రావాలి. ఆ రంధ్రం మధ్యలో మళ్లీ సూది ఉంటుంది. అంటే సూదికీ గోడకీ మధ్య ఉన్న సన్నటి సందులోంచే రంగు బయటికి రావాలి. నువ్వు ట్రిగ్గర్ కొంచెమే వెనక్కి లాగితే ఆ సందు ఇంకా ఇరుకు. పొడి గింజలు విడివిడిగా ఉంటే దాటిపోతాయి, గుంపు కట్టాయంటే అక్కడే ఇరుక్కుంటాయి.

నా అనుభవంలో నాజిల్‌ని ఎక్కువసార్లు మూసేది పొడి కూడా కాదు, సీసా మూతి దగ్గర ఎండిన పొర. మూత తిప్పినప్పుడల్లా ఆ పెచ్చులు రంగులో రాలతాయి. అక్రిలిక్ ఒకసారి ఎండితే నీళ్లలో మళ్లీ కరగదు కాబట్టి ఆ పెచ్చు పెచ్చుగానే ఉండి, సూది మొన దగ్గర అడ్డం పడుతుంది. అందుకే ఏ రంగైనా కప్పులో పోసే ముందు వడకట్టు. టీ జల్లెడ సరిపోదు. పాత నైలాన్ సాక్సు ముక్క చిన్న గరాటు మీద బిగించి వడకడితే చాలు.

ఇంకోటి, నువ్వు పలచన చేయడానికి ఉత్త నీళ్లే పోశావు. నీళ్లు రంగుని పలచన చేస్తాయి, దాంతోపాటు జిగురునీ పలచన చేస్తాయి. కాగితం, గుడ్డ రంగుని పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ తేడా పెద్దగా కనిపించదు. ప్లాస్టిక్ మీదనో లోహం మీదనో కొడితే ఎండాక గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. పైగా నీళ్లకి తమలో తాము దగ్గరగా ముడుచుకునే గుణం ఉంది, తామరాకు మీద చూస్తాం కదా. నున్నటి ఉపరితలం మీద నీళ్లెక్కువైన రంగు అలాగే చుక్కలుగా ముడుచుకుంటుంది. ఎయిర్‌బ్రష్ మీడియం, రెడ్యూసర్ అని విడిగా అమ్మే పలచన ద్రవం ఈ రెండు లోపాలూ రాకుండా చూస్తుంది.

ఎయిర్‌బ్రష్ కోసం తయారైన అక్రిలిక్‌లో పొడిని బాగా సన్నగా నూరతారు, జిగురు కూడా సన్నటి తుంపరగా విడిపోయేలా కలుపుతారు. కొన్ని సీసా నుంచి నేరుగా కప్పులో పోసుకోవచ్చు, కొన్నిటికి కొంచెం రెడ్యూసర్ కావాలి. స్పెయిన్ కంపెనీ వయేహో వాళ్ల మోడల్ ఎయిర్ రకం చిన్న డ్రాపర్ సీసాల్లో వస్తుంది, బొమ్మలకీ చిన్న పనులకీ బాగుంటుంది. అమెరికాలోని క్రియేటెక్స్ వాళ్ల రంగులు పెద్ద సీసాల్లో వస్తాయి, వాటిలో మామూలు ఎయిర్‌బ్రష్ కలర్స్ గుడ్డకి బాగా పడతాయి కానీ చిక్కగా ఉంటాయి, నీ 0.3 నాజిల్‌కి పలచన చేయక తప్పదు. వాళ్లదే వికెడ్ రకం గుడ్డకీ గట్టి ఉపరితలాలకీ రెంటికీ పనికొస్తుంది. మన దగ్గర ఇవి మామూలు స్టేషనరీ షాపుల్లో దొరకవు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. లేబుల్ లేని సీసాలో పోసి 'ఎయిర్‌బ్రష్ పెయింట్' అని అమ్మేది మాత్రం కొనవద్దు. ఒకప్పుడు ఒక దుకాణంలో అలా ఆరు సీసాలు కొన్నాను. లోపల ఏముందో తెలియదు కాబట్టి ఏం కలిపి పలచన చేయాలో తెలియలేదు, ఆరూ పారబోశాను.

సీసా మీద అక్రిలిక్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. జపాన్ టామియా వాళ్ల అక్రిలిక్‌లో ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని వయేహోతో కలిపితే కప్పులోనే జెల్లీలా గడ్డకడుతుంది. ఒక కంపెనీ రంగు తీసుకుంటే రెడ్యూసరూ, క్లీనరూ ఆ కంపెనీవే తీసుకో. ఈ ఒక్క పనితో సగం టెన్షన్ తగ్గుతుంది.

రంగు ఆన్‌లైన్‌లో వచ్చేలోపు ఊరికే కూర్చోవద్దు. ఫౌంటెన్ పెన్‌లో పోసే నీలం ఇంకు సీసా ఒకటి కొను. పెన్ను ఇంకులో పొడి ఉండదు, నీళ్లలో పూర్తిగా కరిగే రంగు ఉంటుంది. అది నాజిల్‌ని మూయదు, నీళ్లతో కడిగితే పోతుంది. గాలి ఒత్తిడి 10 నుంచి 15 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) మధ్య పెట్టుకుని, పాత డ్రాయింగ్ కాగితాల మీద చుక్కలు, గీతలు, సన్నటి నుంచి వెడల్పుకి పోయే గీతలు వేస్తూ ఉండు. చేయి కాగితానికి దగ్గరగా ఉండి, రంగు ఎక్కువ వదిలితే ఇంకు సాలెపురుగు కాళ్లలా నాలుగు వైపులా పాకుతుంది. అది చూసే వేలు ఎంత లాగాలో నేర్చుకుంటావు. నేను మొదటి నెలంతా దీంతోనే నేర్చుకున్నాను. బొమ్మలకి మాత్రం ఈ ఇంకు పనికిరాదు, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది.

ఇప్పుడు చిక్కదనం. 'పాలలా ఉండాలి' అని వీడియోల్లో అందరూ చెప్తారు. ఏ పాలు? మన దగ్గర గేదె పాలు చిక్కగా ఉంటాయి, హోటల్లో చాయ్‌కి నీళ్లు కలిపిన పాలు వేరు. ఆ నీళ్లపాల చిక్కదనమే కావాలి. కప్పు గోడ మీదికి రంగుని సూదితోనో పుల్లతోనో లాగి వదులు. అది నెమ్మదిగా కిందికి జారి, వెనక సన్నటి రంగు తెర మిగిల్చాలి. అసలు జారకపోతే చిక్కగా ఉన్నట్టు. వెనక ఏమీ మిగల్చకుండా నీళ్లలా దిగిపోతే పలచన ఎక్కువైంది. రంగు చిక్కగా ఉంటే గాలి ఎక్కువ కావాలి, పలచగా ఉంటే తక్కువ. తయారుగా వచ్చే అక్రిలిక్‌కి 20 నుంచి 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంటే ఒక చుక్క రెడ్యూసర్ కలుపు. గాలి పెంచడం కంటే ముందు రంగుని సరిచేయడం అలవాటు చేసుకో. గాలి ఎక్కువైతే సన్నటి గీత రాదు, రంగు దారిలోనే ఎండి పొడిగా పడుతుంది.

ఈ ఎండడం గురించి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. చల్లటి దేశాల్లోవాళ్లు చేసిన వీడియోలో అరగంట ఆగకుండా కొడుతుంటారు. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలుంటే అదే రంగు, అదే గన్ను రెండు నిమిషాలకే మొరాయిస్తుంది. సూది మొన నాజిల్ బయటికి కొంచెం పొడుచుకుని ఉంటుంది, దాని మీద నుంచి గాలి జోరుగా పోతూ ఉంటుంది. ఆ మొన మీద రంగు ఎండి చిన్న బుడిపె కడుతుంది. దీన్నే టిప్ డ్రై అంటారు. గీత ఒక పక్కకి వంకరగా వస్తుంది, తర్వాత ఉన్నట్టుండి ఒక పెద్ద చుక్క పడి బొమ్మ పాడవుతుంది. నీ తప్పు కాదు, రంగు తప్పూ కాదు. ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు పని చేయి. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలుపు. ఎక్కువ కలిపితే పై పొర రోజంతా జిడ్డుగా ఉంటుంది. పక్కనే క్లీనర్‌లో తడిపిన మెత్తటి కుంచె పెట్టుకుని, రెండు మూడు నిమిషాలకోసారి సూది మొనని తుడువు. ముట్టుకుంటే సూది వంగుతుంది, కుంచెతో తాకించు చాలు. ఫ్యాను గాలి గన్ను మీద నేరుగా పడకుండా చూసుకో.

వానాకాలం ఇబ్బంది వేరు. గాలిలో తేమ కంప్రెసర్‌లోకి పోయి నీళ్లవుతుంది, పైపులోంచి వచ్చి రంగులో చుక్కలుగా పడుతుంది. గాలి ఒత్తిడిని సర్దే రెగ్యులేటర్ దగ్గర నీళ్లని పట్టి ఆపే వాటర్ ట్రాప్ లేకపోతే ఒకటి బిగించు. ట్యాంకు ఉన్న కంప్రెసరైతే ప్రతిరోజూ కింద మర విప్పి నీళ్లు వదులు.

రంగుల్లో ఏవి ముందు కొనాలి అంటే, నల్లది. ఒక్క నలుపుతో మూడు నెలలు బొమ్మలు వేయవచ్చు. నలుపు కూడా రెండు రకాలు, కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పేది ఒకటి, కిందిది కనిపించే పారదర్శక నలుపు ఒకటి. కొత్తవాడికి నేను పారదర్శకమే చెప్తాను. తెల్ల కాగితం మీద ఒక్కో పొర వేసుకుంటూ పోతే నీడలు మెల్లగా ముదురుతాయి, చేయి తప్పినా ఆ తప్పు లేతగానే ఉంటుంది. ముఖాలు వేయాలని ఉన్నవాళ్లకి ఇదే బడి.

తెలుపు మాత్రం ఆలస్యంగా కొను. రంగులన్నిటిలోకీ ఎక్కువ ఏడిపించేది తెలుపే. అందులోని టైటానియం డయాక్సైడ్ పొడి బరువుగా ఉండి అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ బాగా గిలకొట్టాలి, నాజిల్ త్వరగా పూడుతుంది. దానికి ఇంకో గుణం ఉంది, ఇది తెలియక చాలామంది రంగు నాసిరకమనుకుంటారు. నల్లటి మీద తెలుపు పలచగా కొడితే తెల్లగా కాకుండా నీలిగా కనిపిస్తుంది. అగరుబత్తి పొగ చీకటి గోడ ముందు నీలంగా కనిపించడం గమనించావా? కారణం అదే. సన్నటి గింజలు వెలుతురులో నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. నల్ల హెల్మెట్ మీద ముఖం వేసేటప్పుడు చర్మం రంగు పాలిపోయి జబ్బు మనిషిలా రావడానికి ఇదే కారణం. తెలుపులో ఒక చుక్క పసుపో ఆరెంజో కలిపి కొడితే సర్దుకుంటుంది, లేదంటే ముందు తెలుపు వేసి ఆరాక పైన పారదర్శక రంగులు కప్పు.

టీషర్టులకి ఫెవిక్రిల్ పూర్తిగా వద్దని నేను అనను. 0.5 నాజిల్ ఒకటి కొనుక్కుంటే, రంగుకి సమానంగా మీడియం కలిపి వడకట్టి, 35 పీఎస్ఐ దాకా పెంచి కాటన్ గుడ్డ మీద కొట్టవచ్చు. పెద్ద అక్షరాలు, బ్యాక్‌గ్రౌండ్లు బాగా వస్తాయి. ముఖం, వెంట్రుకల్లాంటి సన్నటి పని ఆశించకు. పూర్తిగా ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే ఉతికినా నిలుస్తుంది. కొత్త టీషర్టుని ముందే ఒకసారి ఉతుకు, గంజి ఉంటే రంగు పట్టదు.

వినాయకుడి విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. నిమజ్జనం చేసే విగ్రహానికి ఎయిర్‌బ్రష్ వద్దు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహాలూ, విష రంగులూ వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లోనే ఉంది. అక్రిలిక్‌లో విషం తక్కువైనా ఎండాక అది ప్లాస్టిక్ పొరే, చెరువులో కరగదు. మట్టి గణపతికి పసుపు, ఎర్రమన్ను కుంచెతో వేయి, ఎంత అందంగా ఉంటాయో చూడు. వాటిని గన్నులో పోయవద్దు, ఎంత వడకట్టినా ఆ గింజ ముతకే. ఇంట్లో ఉంచుకునే బొమ్మైతే అప్పుడు అక్రిలిక్ వాడు. ముందు రంగు పట్టడానికి వేసే ప్రైమర్ వేసి, తర్వాత రంగు తడిసి కారకుండా పలచటి పొరలుగా కొట్టు.

ఇక హెల్మెట్లు, బండి ట్యాంకులు. వీటికోసమే అందరూ ఎన్‌సీ వైపు, టూకే (గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే రంగు) వైపు పరుగెడతారు. నిర్మల్ కొయ్యబొమ్మలు చూసే ఉంటావు, పొనికి కర్ర మీద డ్యూకో రంగుల మెరుపు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరది, మన వర్క్‌షాపుల్లో ఆ జాతి రంగులన్నిటికీ అదే పేరు మిగిలిపోయింది. మెరుపు చూసి మనసు లాగుతుంది, నాకూ లాగింది. కానీ కుంచెతో వేసే రంగు చెక్క మీదే ఉంటుంది. గన్నుతో కొడితే అది పొగమంచులా గది నిండా వ్యాపిస్తుంది, నువ్వు పీల్చేది అదే.

ఒక జూలైలో వాన పడుతోందని తలుపు వేసుకుని, చిన్న గదిలో బండి ట్యాంకుకి ఎన్‌సీ నలుపు కొట్టాను. ముఖానికి గుడ్డ కట్టుకున్నాను, అది చాలనుకున్నాను. అరగంటకి తల తిరిగింది, బయటికి వచ్చి వాంతి చేసుకున్నాను. పక్క గదిలో దేవుడి దగ్గర దీపం వెలుగుతోందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ థిన్నర్ ఆవిరి దీపం దాకా పోయి ఉంటే ఇల్లు అంటుకునేది. ఇప్పటికీ ఆ రోజు తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. తెల్లారి చూస్తే ట్యాంకు మీద నలుపు బదులు బూడిద పట్టినట్టు తెల్లటి మసక. థిన్నర్ వేగంగా ఆరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, వానాకాలం తేమ దాని మీద చేరి ఆ మసక వస్తుంది. మళ్లీ అంతా గీకి మొదటి నుంచి చేశాను.

ఎన్‌95 మాస్కు తుంపరని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి, గాలి ఆడే చోటు కావాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. హార్డెనర్ కలిపే టూకే రంగులు, క్లియర్లు (రంగు పైన వేసే పారదర్శక పూతలు) ఇంకా ప్రమాదం. వాటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెప్పిస్తాయి, వాసనతో ముందు హెచ్చరించవు. వాటికి బయటి నుంచి శుభ్రమైన గాలి పైపుతో అందే మాస్కు వాడతారు. కాబట్టి రంగు నువ్వు వేయి, పైన క్లియర్ మాత్రం స్ప్రే బూత్ ఉన్న పెయింటర్‌తో కొట్టించు. నేను ఇప్పటికీ అలాగే చేయిస్తాను. దాని మీద ఖర్చు పెట్టడానికి నేను ఎప్పుడూ వెనకాడలేదు.

నీళ్ల రంగే కదా అని మాస్కు మానవద్దు. అక్రిలిక్ తుంపర కూడా ఊపిరితిత్తుల్లో చేరకూడదు. ఎన్‌95 పెట్టుకో, కిటికీ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే దాని వైపు కొట్టు. కాడ్మియం (విష లోహం) అని రాసి ఉన్న ట్యూబు రంగులు ఎంత మంచివైనా గన్నులో పోయకు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నియమం వచ్చింది, కానీ అది ఇళ్లకి, అలంకరణకి వాడే పెయింట్లకే. పాత డబ్బాల్లో మిగిలిన పసుపు, ఆరెంజ్ ఎనామెల్‌లో సీసం ఉండవచ్చు, ఎవరైనా ఇచ్చినా తీసుకోకు.

హెల్మెట్ గురించి ఇంకో మాట. కొన్ని హెల్మెట్ల చిప్పలు ప్లాస్టిక్‌వి, థిన్నర్ తగిలితే పైకి కనిపించకుండానే బలం తగ్గుతుంది. రంగు వేయవద్దని లోపల లేబుల్ మీదే రాసి ఉంటుంది, చదువు. తల మీద పెట్టుకునేదాని మీద ప్రయోగాలు వద్దు. వాడకం మానేసిన పాత హెల్మెట్ ఒకటి తెచ్చుకుని నేర్చుకో, దాన్ని గోడకి తగిలించుకో.

అయితే ఇప్పుడు కొనాల్సింది పారదర్శక నలుపు ఒక సీసా, అదే కంపెనీ రెడ్యూసర్, క్లీనర్, ఎన్‌95 మాస్కులు. అవి వచ్చేదాకా పెన్ను ఇంకు. నలుపు చేతికి అలవాటయ్యాక ఎరుపు, పసుపు, నీలం పారదర్శకాలు, ఆ తర్వాత తెలుపు.

నీ గన్ను ఇప్పుడు మూసుకుపోయి ఉందన్నావు కదా, దాన్ని గుండుసూదితో పొడవకు, నాజిల్ అంచు సాగితే ఇక గీత ఎప్పటికీ సరిగ్గా రాదు. మొత్తం గన్నుని థిన్నర్‌లో ముంచినా లోపలి రబ్బరు రింగులు ఉబ్బుతాయి. సూదిని వెనక నుంచి తీసి, నాజిల్ ఒక్కదాన్నీ విప్పి, చిన్న గిన్నెలో ఎయిర్‌బ్రష్ క్లీనర్ పోసి రాత్రంతా నానబెట్టు. పొద్దున మెత్తబడిన రంగుని నాజిల్ కోసం అమ్మే సన్నటి బ్రష్‌తో వెనక వైపు నుంచి తోసి, వెలుతురుకి ఎత్తి చూడు. రంధ్రం గుండ్రంగా, అంచు పగలకుండా కనిపిస్తే నీ గన్ను బాగున్నట్టే.